ముందు మట్టిని గుర్తుపట్టండి

(ఇటలీ పింగాణీ బొమ్మలను ఇంట్లో సేకరించుకోవడం, కాపాడుకోవడం గురించి కడపలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇటలీ పింగాణీ గురించి కడపలో ఎవరు వింటారమ్మా అని కొందరు అడిగారు. అది మన ఊళ్ళోకి వచ్చి చాలా కాలమైంది. రాయచోటి వెళ్ళండి, రాజంపేట వెళ్ళండి, చిట్వేలి వెళ్ళండి. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు లేని వీధి ఉండదు. వాళ్ళు తెచ్చిన సామాన్లలో దుప్పట్లు, సెంటు సీసాలు, ఖర్జూరాలతో పాటు అప్పుడప్పుడు ఒక పింగాణీ పూలబుట్ట ఉంటుంది, లేదా గొడుగు పట్టుకున్న దొరసాని బొమ్మ ఉంటుంది. పని చేసిన ఇంటివాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి ఇచ్చేసి ఉంటారు. ఆ ఇచ్చినదాన్ని బట్టల మధ్య చుట్టుకుని, సూట్‌కేసులో వేయడానికి మనసొప్పక చేతి సంచిలో పెట్టుకుని తెచ్చుకున్న ఆడవాళ్ళు నాకు తెలుసు. అంత జాగ్రత్తగా వచ్చిన వస్తువు మన ఇంటికి చేరాక రెండు మూడు ఏళ్ళలో రేకులు రాలి, వేళ్ళు విరిగి, బంగారం చెరిగి కనిపిస్తుంది. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. చాలాసార్లు శుభ్రం చేయబోయినప్పుడే అవి పాడయ్యాయి.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. ఈ బొమ్మలంటే ఇష్టం. నేను చూసినంతలో, వీటిని చూసుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటే: చేతిలో ఉన్నది దేనితో చేశారు అని. ఎలా తుడవాలి, ఎక్కడ పెట్టాలి, విరిగితే దేనితో అతికించాలి, ఎంతకు కొనాలి, ఇవన్నీ ఆ ఒక్క సంగతి తెలిస్తేనే తేలతాయి. ఒకే షోకేసులో పక్కపక్కన నిలబడిన మూడు బొమ్మలు మూడు రకాల పదార్థాలు కావచ్చు. ఒకదానికి మంచి చేసేది పక్కదానికి చెడు చేస్తుంది.

పింగాణీకి కావలసినవి కయోలిన్ అనే తెల్ల బంకమట్టి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, పలుగురాయి పొడి. కయోలిన్ ముద్దకు ఆకారం నిలుపుతుంది. ఫెల్డ్‌స్పార్ వేడికి కరిగి గాజులా మారి సందుల్లోకి పారుతుంది. 1300 డిగ్రీల సెల్సియస్, ఆపైన కాలిస్తే మూడూ కలిసి నీళ్ళు పీల్చని గట్టి తెల్లటి పదార్థం అవుతుంది. పలచగా ఉన్న చోట వెనక సెల్‌ఫోన్ టార్చి పెడితే వెలుగు ఇవతలికి వస్తుంది. ఇది గట్టి పింగాణీ. కయోలిన్ దొరకని చోట గాజు లక్షణాలున్న పొడులు కలిపి, తక్కువ వేడిలో కాల్చి చేసింది మెత్తని పింగాణీ. ముట్టుకుంటే మెత్తగా ఉంటుందని కాదు. రంగు కొంచెం పాలమీగడ వైపు ఉంటుంది, త్వరగా గీతలు పడుతుంది, వేడి చల్లదనాల తేడా వస్తే గ్లేజ్ మీద, అంటే పైన గాజులా మెరిసే పూత మీద, సన్నని పగుళ్ళు దిగుతాయి.

గ్లేజ్ వేయకుండా వదిలేసిన పింగాణీని బిస్కెట్ పింగాణీ అంటారు. పాలరాయిలా మెరుపు లేకుండా, కొంచెం గరుకుగా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఇటలీ బొమ్మల్లో ముఖాలు, చేతులు, పూలు ఎక్కువగా ఇలా ఉంటాయి. మురికి పట్టుకోవడానికి దీనంత అనువైనది లేదు.

ఇక మరో రకం అసలు కాల్చనే లేదు. పింగాణీ పొడిని రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగట ద్రవంలో కలిపి అచ్చులో పోసి గట్టిపరచినది. కోల్డ్ కాస్ట్ అంటారు. జుసెప్పె అర్మానీ అనే శిల్పి చేసిన, ఫ్లోరెన్స్ పేరుతో అమ్మిన సన్నటి ఆడవాళ్ళ బొమ్మలు మీలో కొందరి ఇళ్ళలో ఉంటాయి. బట్టల కంపెనీ అర్మానీకీ ఈయనకూ సంబంధం లేదు. ఆ బొమ్మలు ఈ రకం. ఎంత అందంగా ఉన్నా అది రెసిన్. దాని మీద రంగు చేత్తో పూసింది, బట్టీలో కాల్చింది కాదు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం తగిలితే ఆ రంగు ఊడి వస్తుంది. ఎండ తగిలే కిటికీలో పెడితే ఏళ్ళ మీద పసుపెక్కుతుంది.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. బొమ్మను చెంపకు ఆనించండి. పింగాణీ చల్లగా తగులుతుంది. రెసిన్ అంత చల్లగా ఉండదు, త్వరగా మన ఒంటి వేడికి వచ్చేస్తుంది. అడుగున చూడండి. పింగాణీకి గ్లేజ్ లేని అంచు, బట్టీలో గాలి పోవడానికి వదిలిన చిన్న రంధ్రం సాధారణంగా కనిపిస్తాయి. రెసిన్ బొమ్మకు అడుగున తరచుగా ఫెల్ట్ గుడ్డ అతికించి ఉంటుంది.

కర్నూల్లో మా బంధువుల ఇంట్లో ఈ తేడా కళ్ళారా చూశాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు వాళ్ళ హాలు కూడా మునిగింది. అద్దాల బీరువాలో ఉన్నవన్నీ ఒకే బురదలో ఉన్నాయి. గ్లేజ్ ఉన్న కప్పులూ పళ్ళేలూ మామూలు నీళ్ళతో కడిగితే కొత్తవాటిలా వచ్చాయి. పక్కనున్న బిస్కెట్ పింగాణీ పిల్లవాడి బొమ్మ ముఖం మీద మట్టిరంగు ఇప్పటికీ అలాగే ఉంది. ఎప్పుడో అతికించిన ఒక కూజా మాత్రం నీళ్ళలో నాని జిగురు వదిలేసి, పాత ముక్కలు పాత ముక్కలుగా విడిపోయింది.

ఇప్పుడు అడుగున ఉండే గుర్తు సంగతి. నీలం రంగు కిరీటం, కింద ‘ఎన్’ అక్షరం. నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం ఇవే. తెచ్చినవాళ్ళు ఇది రాజుల కాలం నాటిదని నమ్మి తెస్తారు. ఆ కథ చెప్పాలి, ఎందుకంటే చాలా మంచి కథ.

1738లో దక్షిణ ఇటలీలోని నేపుల్స్ రాజు చార్లెస్‌కు సాక్సనీ రాకుమారి మరియా అమాలియాతో పెళ్ళయింది. ఆమె తాత ఆగస్టస్, 1710లో జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం పెట్టించినవాడు. ఐరోపాలో గట్టి పింగాణీ చేసిన మొదటి కర్మాగారం అదే. అంటే పింగాణీ ఆమెకు పుట్టింటి వస్తువు. మైసెన్ తయారీ రహస్యం మాత్రం కట్నంలో రాలేదు. భార్యాభర్తలిద్దరూ పట్టుబట్టి 1743లో కాపోదిమోంతె కొండ మీది రాజభవనం తోటలో సొంత కర్మాగారం పెట్టారు. నేపుల్స్ చుట్టుపక్కల కయోలిన్ లేదు. అందుకని వాళ్ళు చేసింది మెత్తని పింగాణీ. దానికి ఉన్న ఆ కాస్త వెచ్చని తెలుపు, బొమ్మల ముఖాల మీద రంగు గ్లేజ్‌లోకి కలిసిపోయినట్టు కనిపించడం ఆ మెత్తదనం వల్ల వచ్చినవే. లేకపోవడం వల్ల వచ్చిన అందం అది.

అక్కడ జుసెప్పె గ్రిచ్చి అనే శిల్పి బొమ్మలు మలిచేవాడు. రాజుల్నీ దేవతల్నే కాదు, చేపలమ్మేవాళ్ళను, వీధి నాటకాల హాస్యగాళ్ళను కూడా చేశాడు. పుల్చినెల్లా అని వాళ్ళకు ఒక పాత్ర ఉంది, తెల్లని వదులు బట్టలు, నల్ల ముసుగు, పెద్ద ముక్కు. మన నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎలాగో వాళ్ళకు పుల్చినెల్లా అలాగ. రాణి గారి కోసం పొర్తిచి రాజభవనంలో 1757 నుంచి 1759 మధ్య ఒక గదిని గోడలన్నీ పింగాణీతోనే కట్టారు. మూడు వేలకు పైగా ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేశారు. చీనా దుస్తుల్లో మనుషులు, కోతులు, పక్షులు, పూలతీగలు. ఆ గది ఇప్పుడు నేపుల్స్‌లోని కాపోదిమోంతె మ్యూజియంలో ఉంది. ఫొటోలు చూసినా చాలు, మట్టితో మనిషి ఎంత దూరం వెళ్ళగలడో అర్థమవుతుంది.

1759లో చార్లెస్‌కు స్పెయిన్ సింహాసనం దక్కింది. వెళ్తూ వెళ్తూ పనివాళ్ళను, అచ్చులను, కలిపి ఉంచిన మట్టి ముద్దను సైతం ఓడల మీద మాడ్రిడ్‌కు తీసుకుపోయాడు. నేపుల్స్‌లో ఏమీ మిగల్లేదు. అంటే అసలు కాపోదిమోంతె కర్మాగారం నడిచింది పదహారేళ్ళు. దాని గుర్తు లిల్లీ పువ్వు. కిరీటం కాదు.

కిరీటం కింద ‘ఎన్’ తర్వాతి కథ. చార్లెస్ కొడుకు ఫెర్డినాండ్ 1771లో నేపుల్స్‌లో మళ్ళీ ఒక రాజ కర్మాగారం పెట్టాడు. ‘ఎన్’ అంటే నేపుల్స్. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, నెపోలియన్ యుద్ధాల గందరగోళంలో అది కూడా చేతులు మారి మూతపడింది. దాని అచ్చులు కొన్ని ఫ్లోరెన్స్ దగ్గరున్న జినోరి కర్మాగారానికి చేరాయి. వాళ్ళు ఆ గుర్తు వాడారు. వాళ్ళను చూసి ఇటలీలో మరెన్నో కార్ఖానాలు, జర్మనీలో కొన్ని, ఫ్రాన్సులో కొన్ని అదే గుర్తు వేశాయి. అందుచేత ఆ గుర్తు ‘ఈ వస్తువు ఆ తరహాలో చేసింది’ అని మాత్రమే చెబుతుంది. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పదు. కాపోదిమోంతె అనేది ఇప్పుడు ఒక కంపెనీ పేరు కాదు, ఒక పద్ధతి పేరు. ఆ కొండ మీది తోటలోనే, పాత కర్మాగారం భవనంలో, మొదటి తరం చిత్రకారుడు జొవాన్ని కాసెల్లి పేరుతో ఉన్న బడిలో పిల్లలు ఇవాళ్టికీ పింగాణీ పని నేర్చుకుంటున్నారు.

దేవతలు, చిన్నపిల్లలు ఉబ్బెత్తుగా చెక్కినట్టుండే రంగురంగుల పెట్టెలు, కప్పులు చాలామంది కాపోదిమోంతె అని కొంటారు. ఆ తరహా మొదలైంది నేపుల్స్‌లో కానే కాదు, జినోరి కర్మాగారంలో.

నా ఇష్టం చెప్పమంటే జినోరి వైపే. కార్లో జినోరి అనే ప్రభువు 1735లో ఫ్లోరెన్స్ దగ్గర దోచ్చా అనే చోట దీన్ని మొదలుపెట్టాడు. పింగాణీతో మనిషంత శిల్పాలు చేయాలని తాపత్రయపడ్డాడు. ఫ్లోరెన్స్ శిల్పుల ఇళ్ళలో మిగిలిపోయిన మైనపు నమూనాలు, అచ్చులు కొని, కంచు బొమ్మల కోసం చేసినవాటిని పింగాణీలో పోయించాడు. అంత పెద్దవి బట్టీలో వంకర పోకుండా రావడం ఎంత కష్టమో ఆలోచించండి. పింగాణీ కాలేటప్పుడు నూటికి పన్నెండు, పదిహేను వంతుల దాకా కుంచించుకుపోతుంది. ఆ దోచ్చా పింగాణీల మీద బట్టీ వేడికి వచ్చిన పగుళ్ళు కనిపిస్తాయి. నాకు అవి లోపాల్లా కనిపించవు. తర్వాత 1896లో మిలాన్‌కు చెందిన రిచర్డ్ కంపెనీతో కలిసి రిచర్డ్ జినోరి అయింది. 1920లలో జో పోంతి అనే ఆర్కిటెక్ట్ దాని కళా దర్శకుడిగా చేసిన పనులు 1925 పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి తెచ్చాయి. 2013లో దివాలా తీస్తే ఫ్యాషన్ కంపెనీ గూచీ కొన్నది. ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం.

పూలబుట్టల సంగతి ముందు. ఎక్కువ విరిగేవి అవే. ఒక్కో రేకునూ పింగాణీ ముద్దలోంచి చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చేస్తారు. మంచి బుట్టలో రేకు వెనక ఆ చేతి వేలిముద్ర గీతలు భూతద్దంలో కనిపిస్తాయి. రేకులను పలుచని మట్టినీళ్ళతో అతికించి కాలుస్తారు. అతుకు దగ్గర మందం ఎక్కువ, అంచు దగ్గర కాగితమంత. కాలేటప్పుడు రెండు చోట్లా కుంచించుకుపోయే తీరు వేరు. ఆ ఒత్తిడి అతుకులో అలాగే ఉండిపోతుంది. కాబట్టి రేకు రాలడానికి పెద్ద దెబ్బ అవసరం లేదు. చీర కొంగు దారం చాలు. అమ్మాయిల చున్నీ చాలు. దుమ్ము గుడ్డ నూలు పోగు తగులుకుని, మనం అటు లాగితే చాలు.

అందుకే పూలబుట్టను గుడ్డతో ముట్టకండి. కెమెరా అద్దం మీద దుమ్ము ఊదడానికి వాడే రబ్బరు బుడ్డి దొరుకుతుంది, దానితో ఊదండి. తర్వాత మేకప్‌కి వాడే మెత్తటి వెడల్పు బ్రష్. బ్రష్ వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు కట్టు ఉంటుంది కదా, దాని చుట్టూ మెత్తటి టేపు చుట్టండి. లేకపోతే ఆ లోహమే రేకును కొడుతుంది. పైనుంచి కిందికి, లోపల్నుంచి బయటికి. తుడిచే ముందు గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. పెళ్ళయిన ఆడవాళ్ళు గాజులు తీయడానికి ఇష్టపడకపోతే పైకి జరిపి మోచేతి వరకు చొక్కా చేయి లాగా ఏదైనా తొడగండి. ఫ్యాను ఆపేయండి. దూది వద్దు, తడిసిన దూది పోగులు రేకు అంచుకు పట్టుకుంటాయి.

మన ప్రాంతపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. బండలు కోసే, పాలిష్ చేసే పని చుట్టూ జరుగుతూనే ఉంటుంది. ఆ పొడిలో పలుగు రేణువులు ఉంటాయి. గట్టిదనం కొలిచే మోస్ కొలతలో పలుగు ఏడు. బంగారం మూడు దాటదు. గ్లేజ్ మీద పూసిన రంగులూ పలుగు కంటే మెత్తనివే. బొమ్మ మీది గులాబీ రంగు, అంచు బంగారం గ్లేజ్ పైన పూసి మళ్ళీ 700, 800 డిగ్రీల దగ్గర కాల్చినవి, అంటే పైపైన కూర్చున్నవి. పొడిగుడ్డ పెట్టి ఒత్తి తుడిస్తే ఆ రేణువులతో బంగారాన్ని గీకుతున్నట్టే. ముందు దుమ్ము ఎగరగొట్టాలి. తుడవడం తర్వాతి మాట. ఇత్తడి సామాన్లు తోమే పొడి, చింతపండు, నిమ్మచెక్క బంగారపు అంచు దగ్గరికి రానివ్వకండి. పండక్కి అన్నీ మెరవాలని ఒకేసారి అన్నిటినీ తోమేయడం వల్ల చెరిగిన అంచులు ఎన్నో చూశాను.

నీళ్ళతో కడగదగినది గ్లేజ్ ఉన్న, విరగని, అతుకు లేని పింగాణీ ఒక్కటే. స్టీలు సింకులో కాదు, ప్లాస్టిక్ టబ్బులో, అడుగున మడతపెట్టిన టవల్ వేసి. పసిపిల్లకు పోసేంత గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే మెత్తని లిక్విడ్ రెండు చుక్కలు. ఒకసారికి ఒక్క వస్తువే. మన బోరు నీళ్ళు ఎంత ఉప్పటివో గీజర్ రాడ్డు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్ళు బొమ్మ మీద ఆరితే తెల్లటి పొర మిగులుతుంది, మడతల్లో అయితే మళ్ళీ వదలదు. కాబట్టి చివరి కడుగు మాత్రం ఇంటికి వచ్చే తాగునీటి క్యాన్ నీళ్ళతో. ఆరడం నీడలో, టవల్ మీద, దానంతటదే ఆరాలి. పూలబుట్టల్లో కొన్నిటికి కాడల లోపల లోహపు తీగ ఉంటుంది, నానితే తుప్పు బయటికి ఉబికి పింగాణీని పగలగొడుతుంది. అందుకని అవి నీళ్ళలో మునగకూడదు.

ఎక్కడ పెట్టాలి? పూజ గది పక్కన కాదు. అగరుబత్తి పొగ, కర్పూరం మసి, నూనె ఆవిరి బిస్కెట్ పింగాణీలోకి వెళ్తే నల్లబడిన ముఖం మళ్ళీ తెల్లబడదు. వంటింటి గోడకు అవతల కూడా వద్దు, తాలింపు పొగ అక్కడికీ వస్తుంది. మూసి ఉండే అద్దాల బీరువా మంచిది. అయితే జారే అద్దాలు తీసేటప్పుడు, వేసవి గాలికి తలుపు దబ్బున పడినప్పుడు గాజు అర వణుకుతుంది. ఆ వణుకుకు బొమ్మ కొద్దికొద్దిగా జరుగుతుంది. నెల తర్వాత చూస్తే అంచున ఉంటుంది. మ్యూజియాల్లో అడుగున చిన్న మైనం ముద్దలు పెడతారు, అలాంటిది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గ్లేజ్ ఉన్న అడుగుకే వాడండి, తీసేటప్పుడు పైకి లాగకుండా మెల్లగా తిప్పి తీయండి. కిందపడితే మన కడప బండ మీద ఏదీ మిగలదు. బీరువా ముందు మందపాటి తివాచీ వేయండి, తీసి చూసేటప్పుడు కింద కూర్చుని బొంత మీద పెట్టుకుని చూడండి.

పట్టుకోవడం రెండు చేతులతో, ఒక చేయి అడుగున. చేయి, తల, గొడుగు, పిడి పట్టి ఎత్తవద్దు. గ్లేజ్ బొమ్మలకు నూలు గ్లౌజులు జారతాయి. కడిగి బాగా తుడుచుకున్న వట్టి చేతులే మేలు. బిస్కెట్ పింగాణీకి మాత్రం చేతి నూనె అంటుతుంది కాబట్టి డాక్టర్లు వాడే పలుచని రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

ఎండ గురించి చాలామందికి టెన్షన్. 1300 డిగ్రీల బట్టీలోంచి వచ్చిన పింగాణీకి మన 44 డిగ్రీలు ఒక లెక్క కాదు. దెబ్బ తగిలేది జిగురుకు. విదేశీ వీడియోలు చూసి, మ్యూజియం వాళ్ళు వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురు తెప్పించి అతికించుకునేవాళ్ళు ఇప్పుడు మన దగ్గరా ఉన్నారు. మంచి జిగురు. పసుపెక్కదు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవాల్లో ఉండే అసిటోన్ పెడితే వదులుతుంది, తప్పుగా అతికితే మళ్ళీ తీసి అతికించవచ్చు. కానీ అది దాదాపు 40 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. లండన్‌లో అది సమస్య కాదు. కడపలో, మే నెల మధ్యాహ్నం, పైకప్పు కింది గదిలో, బరువున్న చేయి మెల్లగా కిందికి వాలిపోతుంది. అదే కుటుంబంలో బి-48ఎన్, బి-44 అనేవి ఉన్నాయి. అవి 50, 60 డిగ్రీల దాకా నిలబడతాయి. మన వేడికి అవి నయం. ఈ ఒక్క విషయం మీరు గుర్తుపెట్టుకుని వెళ్ళినా నేను వచ్చిన పని అయినట్టే.

విరిగిన రోజున అతికించకండి. ముక్కలన్నీ, పొడి రేణువుతో సహా, ఏరి ఒక్కో ముక్కను విడిగా మెత్తటి కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. సరిపోతున్నాయా అని ముక్కలను మళ్ళీ మళ్ళీ ఆనించి చూడకండి. ఆ రాపిడికి అంచులు అరిగి, ఎంత బాగా అతికించినా గీత కనిపిస్తుంది.

కొనడం గురించి క్లుప్తంగా. వస్తువు చేతికి రాకముందే ఫొటోలు అడగండి, ముఖ్యంగా చేతివేళ్ళు, రేకుల అంచులు, అడుగు. నోట్లు చెక్ చేసే అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కోండి. చీకట్లో దాన్ని వేస్తే పాత జిగురు, పైన పూసిన కొత్త రంగు వేరేగా మెరుస్తాయి. అడుగున దేశం పేరు ఇంగ్లీషులో రాసి ఉంటే అది సాధారణంగా 1891 తర్వాతది. ఆ ఏడాది నుంచి అమెరికా తమ దేశంలోకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని చట్టం పెట్టింది. ఇరవయ్యో శతాబ్దపు పూలబుట్టలకు పెద్ద ధర రాదు. వాటిని కొనేది కంటికోసమే కొనండి. కన్ను తయారవ్వాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా పింగాణీ గదుల్లో ఒక పూట గడపండి. మంచిది ఎలా ఉంటుందో చూశాక నకిలీ దానంతటదే తెలుస్తుంది.

ఇక మీరు అడగండి.

(“మేడమ్, మా ఆయన సూపర్ గ్లూ పెట్టి దొరసాని చేయి అతికించినాడు. వంకరగా ఉండాది. ఇప్పుడేం చేయాల?”)

ముందు అది కాల్చిన పింగాణీనా, రెసినా చూడండమ్మా. రెసిన్ అయితే ముట్టకండి, అలాగే ఉండనివ్వండి. కాల్చిన పింగాణీ అయితే అసిటోన్‌కు ఆ జిగురు లొంగుతుంది. నెయిల్ పాలిష్ తుడిచేదానిలో నూనెలు, రంగులు కలుపుతారు, అది కాకుండా శుద్ధమైన అసిటోన్ తెప్పించుకోండి. సన్న బ్రష్‌తో అతుకు మీద రాస్తూ ఉండాలి, గంటలు పట్టవచ్చు, లాగకూడదు. కిటికీలు తెరవండి, దగ్గర్లో స్టవ్వు గానీ దీపం గానీ ఉండకూడదు, త్వరగా అంటుకునే ద్రవం అది. ఆ చేయి మీద చేత్తో పూసిన రంగు ఏదైనా ఉంటే అదీ పోతుంది, ముందే ఒక మూల కొంచెం రాసి చూసుకోండి.

(“దసరా బొమ్మల కొలువులో వీటిని పెట్టవచ్చునా?”)

పెట్టండి, ఎందుకు పెట్టకూడదు. కానీ మెట్ల మీద పట్టుచీర పరుస్తాం కదా, దాని మీద పింగాణీ నిలవదు, జారుతుంది. బొమ్మ కింద చీరకు బదులు గట్టి అట్టముక్కో చెక్కముక్కో పెట్టి, చీర దాని చుట్టూ సర్దండి. కింది మెట్లు పిల్లలకు అందుతాయి, పై మెట్టు ఫ్యాన్ గాలికి కదిలే దండలకు దగ్గర. మధ్య మెట్టు మీద, గోడ వైపు. హారతి ఇచ్చే వైపు కాకుండా రెండో వైపు. బిస్కెట్ ముఖాల బొమ్మలను మాత్రం కొలువులో పెట్టవద్దనే చెబుతాను, తొమ్మిది రోజుల పొగ వాటికి ఎక్కువ. పేరంటానికి వచ్చినవాళ్ళు చేతికి తీసుకోబోతే మీరే తీసి చూపించండి.

(“మా అక్క ఇచ్చిన ఇటలీ పళ్ళెం ఉంది, బంగారు అంచు. పండ్లు పెట్టుకోవచ్చా?”)

అలంకారం కోసం చేసిన పాత పళ్ళేల గ్లేజ్‌లో, రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పుల్లటివి తగిలితే సీసం బయటికి వస్తుంది. కాబట్టి నిమ్మకాయలు కోసి పెట్టడం, పచ్చడి వేయడం, పులిహోర పెట్టడం అస్సలు వద్దు. తొక్క ఒలవని అరటిపండ్లు ఒక పూట పెట్టి తీస్తే ప్రమాదం లేదు గానీ, గీతలు పడతాయి. మైక్రోవేవ్‌లో పెట్టారంటే బంగారు అంచు నిప్పురవ్వలు లేచి నల్లబడుతుంది. వడ్డించుకోవాలని మనసుంటే ఆహారానికి పనికొస్తుందని రాసి అమ్ముతున్న ఇప్పటి జినోరి పళ్ళేలు ఉన్నాయి, వాటిలో తినండి. మీ అక్క ఇచ్చినదాన్ని గోడకు స్టాండు మీద పెట్టండి. వైరు హుక్కు కొంటే పళ్ళెం అంచును తాకే కొక్కేలకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నది చూసి కొనండి, పళ్ళెం కంటే బిగుతుగా ఉన్నది కొనకండి.